పాత నెట్‌బుక్‌ను టచ్ టాబ్లెట్‌గా మార్చుకోవడం ఎలా

2008-2010 మధ్య నెట్‌బుక్, అంటే చిన్న సైజు లాప్‌టాప్, కొన్న ఇళ్లలో అది ఇప్పటికీ అటక మీదో, బీరువా అడుగునో ఉండే ఉంటుంది. పారేయబుద్ధి కాదు, వాడబుద్ధీ కాదు. కీబోర్డులో నాలుగు మీటలు పనిచేయవు, మూత కీళ్లు వదులైపోయాయి. స్క్రీన్ మాత్రం చక్కగా వెలుగుతుంది, వైఫై పట్టుకుంటుంది. అలాంటి యంత్రంలోంచి పాడైన భాగాలన్నీ తీసేస్తే మిగిలేది దాదాపు ఒక టాబ్లెట్టే. దానికి లేనిదల్లా వేలి నొక్కుడును గుర్తుపట్టే గాజు. అది విడిగా దొరుకుతుంది.

నేను డెల్ ఇన్‌స్పిరాన్ మినీ 9 మీద ఈ పని చేశాను. ఇప్పుడది మా వంటింట్లో గోడకు ఆనించి ఉంటుంది. అమ్మ అందులో వంటలు చూసుకుంటుంది, పాత కథల పీడీఎఫ్‌లు చదువుతుంది, పాటలు పెట్టుకుంటుంది. ఖాళీ దొరికినప్పుడల్లా చేస్తే మొత్తం మూడు వారాలు పట్టింది. అందులో ఒక వారం నేను పడ్డ ఒక్క తొందర వల్ల పోయింది. అదేమిటో గాజు గురించి చెప్పేచోట చెబుతాను.

మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకోండి. ఒక మార్పు చేయగానే ఆన్ చేసి చూడాలి, పనిచేస్తేనే రెండో మార్పు. మూడు పనులు ఒకేసారి చేసి ఆన్ చేస్తే, వెలగనప్పుడు తప్పు ఏ పనిలో జరిగిందో తెలుసుకోవడానికి మళ్లీ మూడూ విప్పాలి. ఈ గైడ్ మొత్తం ఆ వరుసలోనే ఉంటుంది.

ఏం వస్తుంది, ఏం రాదు

ఇంట్లో అమర్చుకోవడానికి దొరికే టచ్ కిట్లు ఎక్కువగా రెసిస్టివ్ రకం. గాజు మీద ఒక పొర, దాని పైన సన్నని ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ఇంకో పొర ఉంటాయి. రెండింటికీ లోపలి వైపు కరెంటు పారే పారదర్శకమైన పూత ఉంటుంది. మధ్యలో కంటికి సరిగా ఆనని చుక్కలు ఆ రెండు పొరలనూ విడదీసి ఉంచుతాయి. మీరు నొక్కినచోట పొరలు కలుస్తాయి. ఒక పొరకు వోల్టేజీ ఇచ్చి, నొక్కినచోట ఎంత ఉందో రెండో పొర నుంచి కొలిస్తే అడ్డం లెక్క తెలుస్తుంది. పొరలు తారుమారు చేసి మళ్లీ కొలిస్తే నిలువు లెక్క తెలుస్తుంది. పనంతా ఇంతే.

కాబట్టి ఇది తాకితే కాదు, నొక్కితే పనిచేస్తుంది. ఒకసారికి ఒక్క వేలే. రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేయడం కుదరదు. స్క్రీన్ వెలుగులో దాదాపు ఐదో వంతు ఆ పొరల్లోనే పోతుంది. వీటికి బదులు ఒక మంచి గుణం ఉంది: వేలు తడిగా ఉన్నా, చేతికి పిండి అంటుకుని ఉన్నా, పెన్సిల్ వెనక వైపుతో నొక్కినా దీనికి ఒకటే. వంటింటికి దీన్ని ఎంచుకోవడానికి నాకు కారణం అదే. 2011లో వచ్చిన మొదటి ఆకాశ్ టాబ్లెట్‌ను హైదరాబాద్‌లోనే తయారు చేశారు. దానిదీ ఈ రెసిస్టివ్ టచ్చే. అది వాడినవాళ్లకు ఈ నొక్కుడు గుర్తుండే ఉంటుంది.

చదవడం, వినడం, ఫొటోలు చూపించడం, తేలికైన వెబ్‌పేజీలు: వీటికి బాగా పనికొస్తుంది. హెచ్‌డీ వీడియోలకు, ఆటలకు పనికిరాదు. మీకు అవి కావాలంటే ఈ శ్రమ పెట్టకండి.

మీ నెట్‌బుక్ పనికొస్తుందా

ప్రాసెసర్ ఆటమ్ ఎన్270 అయితే మంచిది. 1.6 గిగాహెర్ట్జ్, 32 బిట్, గ్రాఫిక్స్ జీఎంఏ 950. విండోస్‌కు బదులు వేసుకునే ఉచిత సిస్టమ్ లినక్స్‌లో ఏ తంటా లేకుండా నడుస్తుంది. ఏసూస్ ఈ పీసీ 901, ఏసర్ ఆస్పైర్ వన్ మొదటి తరం, శాంసంగ్ ఎన్‌సీ10, డెల్ మినీ 9 అన్నీ ఈ కుటుంబమే. 2010లో వచ్చిన ఎన్450 ఇంకా మేలు, అది 64 బిట్. జాగ్రత్త పడాల్సింది జీఎంఏ 500 గ్రాఫిక్స్ ఉన్నవాటితో. లినక్స్‌లో వాటి స్క్రీన్ సరిగా నడిపించడం తలనొప్పి. డెల్ మినీ 10 కొన్నవాళ్లు ముఖ్యంగా చూసుకోండి: పేరు చివర వి ఉన్న మినీ 10వి మంచిది, వి లేని 2009 మోడల్‌లో జీఎంఏ 500 ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన ఎన్2600 వాటితోనూ ఇలాంటి ఇబ్బందే.

మినీ 9ని ఎంచుకోవడానికి నాకు ఇంకో కారణం, అందులో ఫ్యాన్ లేదు, తిరిగే హార్డ్ డిస్క్ కూడా లేదు. టాబ్లెట్‌ను పట్టుకుని అటూ ఇటూ తిప్పుతాం కదా, లోపల తిరిగేది ఏదీ లేకపోతే నిశ్చింత. మీదాంట్లో మామూలు హార్డ్ డిస్క్ ఉంటే అదే సైజు సాటా ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, వేయండి. ర్యామ్ కూడా 2 జీబీకి పెంచండి. ఎన్270 నెట్‌బుక్‌లు పట్టేది అంతే.

బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని ఇప్పుడే పక్కన పెట్టి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి. ఉబ్బిన బ్యాటరీని విప్పడం, గుచ్చడం, సెల్స్ మార్చి చూడటం వద్దు. అడాప్టర్‌తోనే నడిపినా వంటింటి టాబ్లెట్‌కు లోటు లేదు. అడాప్టర్ పోగొట్టుకుని వేరేది కొంటుంటే వోల్టేజీ చూసి కొనండి: మినీ 9కి 19 వోల్టులు, ఈ పీసీ 901కి 12. పిన్ను పట్టింది కదా అని గుచ్చితే బోర్డు కాలిపోతుంది.

సాఫ్ట్‌వేర్ ముందు, స్క్రూడ్రైవర్ తర్వాత

కీబోర్డు ఇంకా ఉండగానే సిస్టమ్ వేసుకోండి. అది తీసేశాక చేయాలంటే రెండింతల పని.

ఎన్270కి నా సలహా లినక్స్‌లో ఒక రకమైన డెబియన్ 12, డెస్క్‌టాప్‌గా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ. 32 బిట్ యంత్రాలకు డెబియన్ ఇచ్చిన చివరి ఇన్‌స్టాలర్ అదే. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో దాన్ని తీసేశారు. ఎన్450 ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు, 64 బిట్‌ది కొత్తదే వేసుకోవచ్చు.

వేశాక మూడు పనులు చేయండి. పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా డెస్క్‌టాప్‌కు వెళ్లేలా ఆటో లాగిన్ పెట్టండి. ఆన్‌బోర్డ్ అనే తెర కీబోర్డు ప్యాకేజీ వేసి, సిస్టమ్‌తోపాటే మొదలయ్యేలా చేయండి. ఇంకో కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ ద్వారా లోపలికి రావడానికి ఎస్ఎస్‌హెచ్ సర్వర్ వేయండి. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. రేపు టచ్ గురి తప్పి, కీబోర్డు లేక, తెర మీద ఏదీ నొక్కలేని పరిస్థితి వస్తే లోపలికి వెళ్లే దారి అదొక్కటే.

ఇప్పుడు వారం రోజులు మామూలుగా వాడండి. వైఫై తెగిపోతోందా, వేడెక్కుతోందా, శబ్దం వస్తోందా అన్నది విప్పకముందే తెలియాలి. ఆ లోపు గాజు ఆర్డర్ పెట్టుకోవచ్చు.

గాజు కొనడం

కొలత తప్పితే డబ్బు వృథా. స్క్రీన్ పేరులోని అంగుళాలు చూసి కొనకండి. ఒకే 8.9 అంగుళాల పేరుతో పొడుగాటి తెరకూ, పాతకాలపు చదరం లాంటి తెరకూ రెండు రకాల గాజులు వస్తాయి. స్కేలు పెట్టి బొమ్మ కనిపించే భాగాన్ని మిల్లీమీటర్లలో కొలవండి. 1024×600 ఉన్న 8.9 అంగుళాల తెరకు అది సుమారు 195 అడ్డం, 114 నిలువు. గాజులో నొక్కితే తెలిసే భాగం అంతకు తగ్గకూడదు. గాజు మొత్తం కొలత మాత్రం ఎల్‌సీడీ ప్యానెల్ ఇనుప చట్రాన్ని దాటి మరీ బయటకు రాకూడదు.

కిట్‌లో గాజు, చిన్న కంట్రోలర్ కార్డు, యూఎస్‌బీ వైరు ఉంటాయి. నాలుగు తీగల రకం, యూఎస్‌బీ కంట్రోలర్, ఈగెలాక్స్ చిప్ అని రాసి ఉన్నది చూసుకోండి. లినక్స్‌కు అది ఎప్పటినుంచో తెలిసిన చిప్, డ్రైవర్ కోసం వెతకక్కర్లేదు. గాజు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. మిగతా సామాను, అంటే సన్న వైర్లు, స్విచ్చులు, స్లీవులు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పాత లాప్‌టాప్ కేబుళ్లు, విడిభాగాలు కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే కాంప్లెక్స్‌లో అడిగి చూడండి. నెట్‌బుక్ మోడల్ నంబర్ రాసుకుని వెళ్లండి.

గాజు రాగానే మల్టీమీటర్‌తో పరీక్షించండి. దాని అంచు నుంచి సన్నని ప్లాస్టిక్ తోక ఒకటి బయటకు వస్తుంది, చివర నాలుగు గీతలు ఉంటాయి. ఆ నాలుగూ రెండు జతలు. ఒక జత మధ్య కొలిస్తే కొన్ని వందల ఓమ్‌లు చూపిస్తుంది, రెండో జతా అంతే. ఒక జతకూ ఇంకో జతకూ మధ్య ఏమీ చూపించకూడదు. గాజును వేలితో నొక్కినప్పుడే చూపించాలి. నొక్కకుండానే చూపిస్తే పొరలు ఎక్కడో అంటుకున్నాయని అర్థం, తిరిగి పంపేయండి.

ఆ తోక గురించి గట్టిగా చెప్పాలి. గాజు మొత్తంలో అతి సున్నితమైనది అదే. నేను మొదటి గాజును చట్రంలో పెట్టేటప్పుడు తోకను అంచు దగ్గర కాగితం మడత పెట్టినట్టు వంచి నొక్కేశాను. ఒక జత ఆగిపోయింది. దాని మీద గీతలు రాగి తీగలు కావు, ప్లాస్టిక్ మీద అచ్చు వేసిన వాహక సిరా. తెగితే సోల్డర్ పట్టదు. సోల్డరింగ్ ఐరన్ దగ్గర పెడితే ప్లాస్టిక్కే కరుగుతుంది. రెండో గాజు వచ్చేదాకా వారం కూర్చోవాల్సి వచ్చింది. తోకను వంచాల్సి వస్తే పెన్సిల్ చుట్టూ తిప్పినంత గుండ్రంగా వంచండి. మొదలు దగ్గర చిన్న టేపు ముక్క అంటించి, లాగుడు దాని మీద పడేలా చేయండి.

ముందు బయట పెట్టి చూడండి

ఇప్పటికీ ఏదీ విప్పవద్దు. గాజు తోకను కంట్రోలర్‌కు పెట్టి, దాన్ని యూఎస్‌బీ పోర్టులో గుచ్చి, గాజును స్క్రీన్ ముందు ఊరికే ఆనించండి. ఫిల్మ్ ఉన్న మెత్తని వైపు మీ వైపు ఉండాలి, గట్టి గాజు తెర వైపు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ ఇస్తే జాబితాలో ఈగెలాక్స్ పేరు కనిపించాలి. నొక్కితే బాణం గుర్తు కదలాలి. ఎటు కదిలినా పర్వాలేదు, కదిలితే చాలు.

విప్పడం

బ్యాటరీ, అడాప్టర్ తీసేయండి. తర్వాత పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన ఛార్జి పోతుంది. సిల్కు చీర పరిచిన మంచం మీద కాకుండా చెక్క బల్ల మీద చేయండి. ఇనుప వస్తువును తాకి ఒంట్లో స్టాటిక్ వదిలించుకున్నాక బోర్డు ముట్టుకోండి.

స్క్రూలు చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ పొడవు తేడా ఉంటుంది. పొడుగుది పొట్టిదాని గుంటలో బిగిస్తే బోర్డులోకి దిగుతుంది. ఒక తెల్ల కాగితం మీద నెట్‌బుక్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించండి. ప్రతి పొర తీసేముందు ఫోన్‌లో ఒక ఫొటో. ప్లాస్టిక్ అంచులు విడదీయడానికి స్క్రూడ్రైవర్ వాడితే గాట్లు పడతాయి. పాత ఏటీఎం కార్డు చాలు. రిబ్బన్ కేబుళ్ల చివర చిన్న గొళ్లెం ఉంటుంది. దాన్ని గోటితో లేపాకే కేబుల్ బయటకు తీయాలి.

ముందు స్క్రీన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం మాత్రమే తీయండి. చాలా నెట్‌బుక్‌ల తెర వెనక ఎల్ఈడీ వెలుగు ఉంటుంది, ప్రమాదం లేదు. చట్రం కింద పొడుగాటి సన్నని చిన్న బోర్డు, దాని నుంచి తెరకు వెళ్లే రెండు మందపాటి వైర్లు కనిపిస్తే అది పాత ట్యూబు రకం. అందులో వందల వోల్టులు నడుస్తాయి. ఆన్‌లో ఉండగా దాని దగ్గర వేలు పెట్టకండి.

గాజును అమర్చడం

తెరను, గాజు వెనక వైపును మెత్తని పొడి బట్టతో తుడవండి. ఇక్కడ ఇరుక్కున్న దుమ్ము రోజూ కనిపిస్తూనే ఉంటుంది. నేను స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి తగ్గాక అక్కడే కూర్చుని చేశాను. ఆ తడి గాలిలో దుమ్ము ఎగరదు.

ఎల్‌సీడీ ఇనుప అంచు మీద నాలుగు పక్కలా సన్నని డబుల్ సైడ్ టేప్ వేసి గాజును దించండి. బొమ్మ మీద టేపు రాకూడదు. జిగురు వాడొద్దు, గాజు ఎప్పుడైనా మార్చాల్సి వస్తే తెరతోపాటు ఊడుతుంది. ఎక్కువమంది కిట్లు పాడైపోయాయని అనుకునేది ఇక్కడే: చట్రం తిరిగి బిగించగానే ఎవరూ ముట్టకపోయినా బాణం ఒక మూలకు పరుగెత్తుతుంది. గాజు చెడిపోలేదు. దాని మందం వల్ల చట్రం అంచు ఇప్పుడు ఫిల్మ్‌ను నొక్కుతోంది. చట్రం లోపలి అంచును ఆకురాయితో కొంచెం అరగదీయండి, లేదా చట్రాన్ని కొద్దిగా పైకి లేపి మధ్యలో పలచని స్పాంజి టేపు పెట్టండి. స్క్రూలన్నీ బిగించాక కూడా ముట్టనప్పుడు బాణం నిలకడగా ఉండాలి.

గురి సరిచేయడం

నొక్కినచోటికి బాణం రావాలంటే క్యాలిబ్రేషన్ చేయాలి. ఎక్స్‌ఇన్‌పుట్ క్యాలిబ్రేటర్ అనే చిన్న ప్రోగ్రామ్ తెర మీద నాలుగు గుర్తులు చూపిస్తుంది, ఒక్కోటీ నొక్కుతూ పోవాలి. వేలితో కాదు, మూత పెట్టిన పెన్నుతో.

ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. నాలుగు గుర్తులూ నొక్కుతారు, ప్రోగ్రామ్ అంకెలు ఇస్తుంది, వాటిని ఫైల్‌లో పెడతారు, అయినా ఏ మార్పూ ఉండదు. కారణం: ఆ అంకెలు ఈవీడెవ్ అనే పాత డ్రైవర్‌కు అర్థమయ్యేవి. ఇప్పటి డెబియన్‌లో టచ్‌ను నడిపేది లిబ్‌ఇన్‌పుట్, అది వాటిని పట్టించుకోదు. కాబట్టి ముందు ఎక్స్‌ఆర్గ్ ఈవీడెవ్ ప్యాకేజీ వేసి, ఈ టచ్‌కు మాత్రం ఆ డ్రైవరే వాడమని కాన్ఫిగరేషన్ ఫైల్‌లో రాసి, ఆ తర్వాత క్యాలిబ్రేషన్ చేయండి. ఆ ఫైల్‌లోనే థర్డ్ బటన్ ఎమ్యులేషన్ అనే సదుపాయం ఆన్ చేస్తే, ఒకచోట సెకను పాటు నొక్కి పట్టుకుంటే రైట్ క్లిక్ అవుతుంది. ఒకసారి రీస్టార్ట్ చేసి గురి నిలిచిందో లేదో చూడండి.

ఇంతవరకూ వచ్చాక మీ చేతిలో ఉన్నది కీబోర్డు, టచ్ రెండూ ఉన్న నెట్‌బుక్. యూఎస్‌బీ వైరు బయటికి వేలాడుతూ ఉంటుంది. కొన్నాళ్లు ఇలాగే వాడండి. కొందరికి ఇదే సరిపోతుంది, ఇక విప్పక్కర్లేదనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు.

వైరును లోపలికి తీసుకెళ్లడం

టాబ్లెట్ చేయాలనుకుంటే కంట్రోలర్ లోపలే ఉండాలి. తేలికైన దారి, వాడని ఒక యూఎస్‌బీ పోర్టు వెనక బోర్డు మీద ఉన్న నాలుగు కాళ్లకు సోల్డర్ చేయడం. ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, ఆకుపచ్చ, తెలుపు డేటా. రంగులను నమ్మకుండా, ఆన్ చేసి ఎరుపు నలుపు మధ్య 5 వోల్టులు వస్తోందో లేదో మల్టీమీటర్‌తో చూసుకుని, ఆఫ్ చేసి సోల్డర్ చేయండి. డేటా వైర్లు రెండూ ఒకదాని చుట్టూ ఒకటి మెలేసి, ఎంత పొట్టిగా వీలైతే అంత పొట్టిగా ఉంచండి. ఆ పోర్టును ఇక బయట నుంచి వాడకూడదు, టేపు వేసి మూసేయండి.

వెబ్‌క్యామ్ వద్దనుకుంటే దాని వైరు మీద ఆశ పుడుతుంది, లోపల అది కూడా యూఎస్‌బీయే కాబట్టి. కానీ కొన్ని బోర్డుల్లో దానికి వచ్చేది 5 వోల్టులు కాదు, 3.3. కొలవకుండా కలపకండి. సోల్డరింగ్ మీకు కొత్తైతే సెల్‌ఫోన్ రిపేర్ చేసేవాళ్ల దగ్గరకు బోర్డు తీసుకెళ్లి, ఎక్కడ అంటించాలో ఫొటోలో గుర్తు పెట్టి చూపించండి. వాళ్ల చేతికి ఇది ఐదు నిమిషాల పని.

తెరను తిప్పడం

ఇప్పుడు మూత కీళ్లు విప్పాలి. కీబోర్డు, టచ్‌ప్యాడ్ తీసేయాలి. కింది భాగం మీద, కీబోర్డు ఉన్నచోట, తెర పైకి చూసేలా పడుకోవాలి.

కత్తిరించే ముందు అట్టముక్క ఒకటి తెర సైజులో కోసి, దాని మీద కేబుల్ కనెక్టర్ ఉన్నచోట గుర్తు పెట్టి తిప్పి చూడండి. దారులు రెండు. తెరను ఉన్నదున్నట్టు కిందికి జరిపితే బొమ్మ తిన్నగా ఉంటుంది, కానీ కేబుల్ కనెక్టర్ కీళ్లకు దూరంగా పోతుంది. పలకను చదునుగా ఉంచి అరచుట్టు తిప్పితే కనెక్టర్ కీళ్ల దగ్గరే ఉంటుంది, కుడి ఎడమలు మారతాయి, బొమ్మ తలకిందులవుతుంది. తలకిందులైన బొమ్మను డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఒక్క క్లిక్‌తో తిప్పవచ్చు. కాబట్టి కేబుల్ ఏది ఒప్పుకుంటే అదే చేయండి. ఆ కేబుల్‌ను మాత్రం కోసి అతికి పొడుగు చేయాలని చూడొద్దు. అందులో వెంట్రుకల్లాంటి జత తీగల మీద చాలా వేగమైన సిగ్నల్ నడుస్తుంది. అతుకు పడితే తెర మీద గీతలు వస్తాయి. అదే కనెక్టర్ ఉన్న పొడవైన కేబుల్ దొరికితే మార్చండి.

తెర వెనక వైపు ఇనుప రేకు ఉంటుంది. అది ఇప్పుడు నేరుగా మదర్‌బోర్డు మీద కూర్చుంటుంది. మధ్యలో ఇన్సులేషన్ లేకుండా ఆన్ చేస్తే షార్ట్ అవుతుంది. జిరాక్స్ షాపులో దొరికే పారదర్శక ఓహెచ్‌పీ షీటు కోసి పరిచి, వేడెక్కే చిప్‌ల పైన వేడిని తట్టుకునే కాప్టన్ టేప్ వేయండి. ఫ్యాన్ ఉన్న నెట్‌బుక్ అయితే గాలి లోపలికి వచ్చే రంధ్రాలు అడుగున ఉంటాయి. టాబ్లెట్‌కు వీపు అదే కాబట్టి దాన్ని పూర్తిగా మూసే స్టాండ్ చేయకండి.

తిప్పాక మూడు చిక్కులు తప్పకుండా వస్తాయి.

పవర్ బటన్ తెర కిందికి పోతుంది. దాని రెండు కాళ్ల నుంచి సన్న వైర్లు తీసి, నొక్కితే కలిసి వదిలితే విడిపోయే చిన్న స్విచ్చును పక్క అంచుకు బిగించండి. కాలింగ్ బెల్ స్విచ్ లాంటి రకం కావాలి, లైటు స్విచ్ రకం కాదు.

ఆన్ చేసిన కాసేపటికే తెర ఆరిపోతుంది. మూత మూశారని యంత్రం అనుకుంటోంది. మూతలో చిన్న అయస్కాంతం, కింది భాగంలో దాన్ని గుర్తుపట్టే సెన్సర్ ఉంటాయి. అవి ఇప్పుడు ఒకదాని దగ్గర ఒకటి వచ్చాయి. కుట్టుసూదిని దారానికి కట్టి తెర చట్రం వెంట నెమ్మదిగా జరిపితే అయస్కాంతం ఎక్కడుందో సూదే చూపిస్తుంది. దాన్ని పీకేయండి. పవర్ సెట్టింగ్స్‌లో కూడా మూత మూసినప్పుడు ఏమీ చేయవద్దని పెట్టండి.

వైఫై బలహీనపడుతుంది. తెర పక్కన ఉన్న సన్నని రేకు ముక్కలే యాంటెనాలు, నలుపు, తెలుపు వైర్లు వాటివే. అవి ఇనుప రేకు కింద నలిగి ఉంటే సిగ్నల్ రాదు. రెండింటినీ ప్లాస్టిక్ అంచు దగ్గరకు, ఒకదానికొకటి దూరంగా అంటించండి.

చట్రం

పాత ప్లాస్టిక్ చట్రాన్నే కోసి సరిపెట్టాలని నేను రెండు రోజులు చూశాను. వంకరగా వచ్చింది. నేమ్ బోర్డులు చేసే షాపులో 3 మిల్లీమీటర్ల నల్ల యాక్రిలిక్‌ను లేజర్‌తో కోయించాను. మధ్యలో తెర కిటికీ, నాలుగు మూలలా స్క్రూ రంధ్రాలు, ఒక పక్క పవర్ స్విచ్. మీరు ముందు అదే కొలతతో అట్ట కోసి, దాన్ని బిగించి, టచ్ పరీక్షించి, ఆ అట్టనే షాపులో ఇవ్వండి. కిటికీ అంచు ఫిల్మ్‌కు తగలకుండా పక్కకు ఒక మిల్లీమీటరు వదలాలి. నాది పూర్తయ్యాక మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ మందం వచ్చింది. చేత్తో గంటసేపు పట్టుకునేది కాదు, ఒళ్లోనో స్టాండ్ మీదో పెట్టుకునేది.

రోజువారీ వాడకానికి

తెరను తిప్పితే టచ్ దానంతటది తిరగదు. తెరకు ఒక కమాండ్, టచ్‌కు ఒక కమాండ్ కలిపి చిన్న స్క్రిప్ట్ రాసి, నిలువుకు ఒకటి, అడ్డానికి ఒకటి బటన్లు పెట్టుకోండి. పుస్తకాలకు నిలువు బాగుంటుంది.

తెలుగు కోసం కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేర్చండి. ఆన్‌బోర్డ్ మీటల మీద అప్పుడు తెలుగు అక్షరాలే కనిపిస్తాయి, చూసి నొక్కవచ్చు. కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్లకు ఇది మామూలు కీబోర్డు కంటే తేలిక. డెబియన్‌లో తెలుగు విజయం ఫాంట్ల ప్యాకేజీ ఉంది, అందులో రామభద్ర, మల్లన్న లాంటివి వస్తాయి. చిన్న తెర మీద ఒత్తులు కలిసిపోకుండా ఉండాలంటే ఫాంట్ సైజు మీకు సరిపోయిందనుకున్నదానికంటే రెండు పాయింట్లు పెంచండి.

పీడీఎఫ్‌లకు ఒక్యులార్ వాడండి, అందులో పేజీని చేత్తో లాగినట్టు లాగవచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం ఈ టచ్‌ను మౌస్‌గానే లెక్కిస్తుంది కాబట్టి వేలు లాగితే పేజీ జరగదు, అక్షరాలు సెలెక్ట్ అవుతాయి. లాగి జరిపే యాడ్-ఆన్ ఒకటి వేస్తే సరి.

ఫిల్మ్‌ను గోరుతో, బాల్ పెన్ మొనతో నొక్కనివ్వకండి. గీతలు పడతాయి. మరకలకు నీళ్లు పిండేసిన మెత్తని బట్ట చాలు. స్టవ్‌కు ఒక బారెడు దూరంగా ఉంచండి. నెలలు గడిచేకొద్దీ గురి కొంచెం కొంచెం పక్కకు పోతుంది, ముఖ్యంగా ఎండాకాలంలో. అప్పుడు మళ్లీ నాలుగు గుర్తులూ నొక్కడమే. క్యాలిబ్రేషన్ ఐకాన్‌ను పెద్దదిగా చేసి డెస్క్‌టాప్ మధ్యలో పెట్టండి. అంచున ఉంటే గురి తప్పిన రోజున దాన్నే నొక్కలేరు.